సగం ఫీజు మాఫీ అన్నారు సరే, దేంట్లో సగం?

ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చాయో లేదో, కర్నూలు, అనంతపురం, కడపల్లో ఎంపీసీ పిల్లలున్న ఇళ్లకు ఫోన్లు మొదలవుతాయి. ‘‘మీ పాపకు 965 వచ్చాయి కదా సార్, మెరిట్ స్కాలర్‌షిప్ కింద ట్యూషన్ ఫీజులో 50 శాతం మాఫీ. నెలాఖరులోపు పాతిక వేలు కట్టి సీటు బ్లాక్ చేసుకోండి.’’ ఫోన్ పెట్టేసిన తండ్రి ముఖం వెలిగిపోతుంది. బిడ్డ రెండేళ్లు నిద్ర మానుకుని చదివిన చదువుకు బయటివాళ్లు విలువ కట్టారు మరి. బంధువుల ముందు కూడా ‘స్కాలర్‌షిప్ వచ్చింది’ అన్న మాటకున్న గౌరవం ‘సీటు కొన్నాం’ అన్న మాటకు ఉండదు. ఆ సంతోషం న్యాయమైనదే. అయితే ఆ ‘50 శాతం’ అన్న ఒక్క అంకె చూసుకునే నాలుగేళ్ల చదువును, ఇంటిల్లిపాదీ మోయాల్సిన లక్షల ఖర్చును ఖాయం చేసేస్తున్నారు. ఆందోళనంతా అక్కడే.

అనంతపురం వాళ్ల చూపు బెంగళూరు మీద, కర్నూలు వాళ్లది హైదరాబాద్ మీద, కడప వాళ్లది తిరుపతి దాటి చెన్నై మీద ఉంటుంది. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి దిగే దూరాలు. ఆ నగరాల్లోని ప్రైవేటు, డీమ్డ్ యూనివర్సిటీలకు సీమలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలు సులువుగా అందుతారు. అందుకే ఆఫర్లు ఇంత దట్టంగా వస్తాయి.

స్కాలర్‌షిప్ అనే ఒకే మాట కింద రెండు వేర్వేరు రకాల డబ్బు నడుస్తోంది. ఒకటి పిల్లల వెంట వచ్చే డబ్బు. గుర్తింపు ఉన్న ఏ కాలేజీలో చేరినా అది వాళ్ల ఖాతాలోనే పడుతుంది. రెండోది కాలేజీకి అంటుకుని ఉండే డబ్బు. ఆ కాలేజీలో చేరితేనే ఉంటుంది, అదీ కాలేజీ పెట్టిన షరతుల మీద. అసలది డబ్బు రూపంలో చేతికే రాదు, బిల్లులో తగ్గింపుగా కనిపిస్తుంది. ఫోన్లో వినపడే మెరిట్ స్కాలర్‌షిప్పుల్లో చాలావరకు ఈ రెండో రకానివే. దాన్ని తీసుకోకూడదని కాదు. దాన్ని బహుమతిగా కాకుండా ధరగా చూస్తే, అడగాల్సిన ప్రశ్నలు వేరుగా ఉంటాయి.

ఆషాఢంలో ధర్మవరం పట్టుచీర కొనడానికి వెళ్లిన ఆడవాళ్లు ‘నలభై శాతం తగ్గింపు’ బోర్డు చూసి డబ్బు తీసి ఇవ్వరు. చీర తిప్పి చూస్తారు, జరీ చూస్తారు, పక్క కొట్టులో ఇలాంటిదే ఎంతకిస్తున్నారో కనుక్కుంటారు. చివరికి చేతి నుంచి ఎంత పోతుందన్నదే వాళ్ల లెక్క. కాలేజీ ప్రవేశాలు కూడా దాదాపు ఆ రోజుల్లోనే జరుగుతాయి. చీరకు చూపించే ఆ శ్రద్ధ బిడ్డ సీటు దగ్గర చూపించడానికి మొహమాటపడతాం. చదువు దగ్గర బేరం ఏమిటనిపిస్తుంది.

ఒక ఆఫర్ లెటర్‌ను దగ్గరగా చదువుదాం

ఈ అంకెలు ఉదాహరణకు వేసినవే కానీ, లెటర్ వరస మాత్రం దాదాపు ఇలాగే ఉంటుంది. మొదటి పేజీలో అభినందనలు, పిల్ల పేరు పెద్ద అక్షరాల్లో, దాని కింద ‘50 శాతం మెరిట్ స్కాలర్‌షిప్’. రెండో పేజీలో ఫీజుల పట్టిక. ట్యూషన్ ఫీజు ఏడాదికి మూడున్నర లక్షలు, స్కాలర్‌షిప్ పోను లక్షా డెబ్బై ఐదు వేలు. దాని కింద హాస్టల్, మెస్ కలిపి లక్షా ఇరవై వేలు. ఆ కింద పరీక్ష ఫీజు, ల్యాబ్, లైబ్రరీ, ప్లేస్‌మెంట్ల కోసం ఇచ్చే సీఆర్‌టీ ట్రైనింగ్, ఇలాంటివన్నీ కలిపి మరో పాతిక వేలు. ఈ రెండు వరుసలకూ స్కాలర్‌షిప్ వర్తించదు. మాఫీ లేకపోతే ఏడాదికి అయ్యే మొత్తం నాలుగు లక్షల తొంభై ఐదు వేలు. అందులో తగ్గింది లక్షా డెబ్బై ఐదు వేలు. అంటే యాభై శాతం అని విన్నది ఇంటి లెక్కలో ముప్పై ఐదు శాతమే. ఇంట్లోంచి పోయేది ఏడాదికి మూడు లక్షల ఇరవై వేలు, నాలుగేళ్లకు పన్నెండు లక్షల ఎనభై వేలు. ఏటా ఫీజు పెరుగుతుందన్న వాక్యం ఆ కాగితం మీద ఎక్కడో ఒక మూల ఉంటే ఇంకా ఎక్కువ.

ఇదే పిల్ల రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సొంత జిల్లాలో కన్వీనర్ సీటు, అంటే ర్యాంకును బట్టి ప్రభుత్వం కేటాయించే సీటు, తెచ్చుకుందనుకుందాం. ఏడాదికి డెబ్బై వేల ఫీజు, ఇంటి నుంచి వెళ్లిరావడానికి, పుస్తకాలకు ముప్పై వేలు. ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఒక్క రూపాయి రాకపోయినా నాలుగేళ్లకు నాలుగు లక్షలు. వస్తే లక్షా ఇరవై వేలు. ఎవరూ ఫోన్ చేయలేదు, ఎవరూ అభినందించలేదు, లెటర్ రాలేదు. అయినా పెద్ద తగ్గింపు ఇక్కడే ఉంది.

రెండు దార్ల మధ్య తేడా ఎనిమిది లక్షల ఎనభై వేలు. ఆ పెద్ద క్యాంపస్‌లో దొరికే ల్యాబులు, కంపెనీల రాక, నాలుగు రాష్ట్రాల పిల్లల సాంగత్యం, ఇంగ్లిష్ వాతావరణం ఆ డబ్బుకు తగినవే కావచ్చు. కొన్ని చోట్ల కచ్చితంగా తగినవే. కానీ పోల్చాల్సింది ఆ ఎనిమిది లక్షల ఎనభై వేలతో. మూడున్నర లక్షల్లో సగం మిగిలిందన్న సంతోషంతో పోల్చితే లెక్క తప్పుతుంది.

కన్వీనర్ సీటు వదులుకుంటే పోయేది

మన రాష్ట్రంలో మెరిట్ ఆఫర్‌ను తూచాలంటే ఇంకో సంగతి తెలియాలి. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటాలో చేరినవాళ్లకే. విద్యా దీవెన పేరుతో నడిచినప్పుడు ఆ పథకం నిబంధనల్లో మేనేజ్‌మెంట్ కోటాను, మిగిలిన సీట్లను చివర్లో నింపే స్పాట్ అడ్మిషన్లను స్పష్టంగా పక్కన పెట్టారు. కుటుంబ ఆదాయం రెండున్నర లక్షల లోపు, భూమి అయితే మాగాణి పదెకరాలు లేదా మెట్ట ఇరవై ఐదెకరాల లోపు అన్నది ఆ పథకం గీసిన గీత. మెట్ట సేద్యమే ఎక్కువగా ఉన్న అనంతపురం జిల్లాలో చాలా రైతు కుటుంబాలు ఆ గీత లోపలే ఉంటాయి.

కాబట్టి అర్హత ఉన్న ఇంటికి మెరిట్ స్కాలర్‌షిప్ అంటే ఉన్నదానికి తోడు వచ్చేది కాదు. ఒకటి తీసుకోవాలంటే ఇంకొకటి వదులుకోవాలి. ఈ తేడా విడమరిచి చెప్పేవాళ్లు ఊళ్లలో తక్కువ. పైగా వదులుకున్నది తిరిగి రాదు. మొదటి ఏడాది తర్వాత స్కాలర్‌షిప్ పోతే, వెనక్కి వచ్చి రెండో సంవత్సరంలో కన్వీనర్ సీటు అడగడానికి దారి లేదు. మళ్లీ పరీక్ష రాసి మొదటి సంవత్సరం నుంచి మొదలుపెట్టాల్సిందే.

రీయింబర్స్‌మెంట్‌లో ఇబ్బందులు లేవని చెప్పడం అబద్ధమవుతుంది. బకాయిలు పేరుకుంటాయి. తల్లుల ఖాతాల్లో వేయడం కొన్నేళ్లు నడిచింది, ఆ తర్వాత మళ్లీ నేరుగా కాలేజీలకే ఇచ్చే పద్ధతి వచ్చింది. డబ్బు ఆలస్యమైనప్పుడు ముందు మీరు కట్టండని అడిగే కాలేజీలు, హాల్ టికెట్ ఆపుతామని బెదిరించే కాలేజీలు ఉన్నాయి. ఆ టెన్షన్ పడిన ఇంటికే దాని బరువు తెలుసు. అయినా పైన వేసిన లెక్కలో ఆ డబ్బు అసలే రాకపోయినా నాలుగు లక్షలే అయింది. ఆలస్యానికి భయపడి పన్నెండు లక్షల దారి పట్టడం ఏ రకంగానూ కుదిరే బేరం కాదు.

చాలామందికి తెలియని మరో దారి ఉంది. మన రాష్ట్రంలోని ప్రైవేటు యూనివర్సిటీల్లో 35 శాతం సీట్లను కూడా ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ద్వారానే నింపుతారు. అదే క్యాంపస్, అదే తరగతి గది, అదే డిగ్రీ. ఏప్రిల్‌లో సగం ఫీజుకు ఒప్పుకున్న పిల్లకు, మంచి ర్యాంకు వస్తే జులైలో అక్కడే అంతకంటే చాలా తక్కువకు సీటు దొరికే అవకాశం ఉంది. బెంగళూరు, చెన్నై యూనివర్సిటీలకు ఈ వెసులుబాటు లేదు.

నెలాఖరు గడువు ఎందుకో ఇక్కడే అర్థమవుతుంది. ఇంటర్ ఫలితాలు ఏప్రిల్‌లో వస్తే ఈఏపీసెట్ ఫలితాలు, కౌన్సెలింగ్ జూన్, జులై దాకా సాగుతాయి. మధ్యలోని ఆ రెండు మూడు నెలలు ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియని కాలం. ర్యాంకు తెలియదు, సీటు తెలియదు, పక్కింటి పిల్లవాడు అప్పుడే ఎక్కడో చేరిపోయాడని మాత్రం తెలుస్తుంది. ఆఫర్ ఆ ఖాళీలోనే వస్తుంది, ఆ ఖాళీలోనే ముగిసిపోతానంటుంది. తల్లిదండ్రులు చేయగలిగింది ఒకటుంది. సీటు తప్పదనుకుంటే తక్కువలో తక్కువ మొత్తం కట్టి, రసీదు తీసుకుని, ఒరిజినల్స్ మాత్రం ఇవ్వకుండా ఉండాలి. సర్టిఫికెట్లను సరిచూసుకుని తిరిగి ఇచ్చేయాలే తప్ప కాలేజీలు తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టం చేసింది. చేరకముందే సీటు వదులుకునేవాళ్లకు ఫీజు వాపసు గురించి యూజీసీ, సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ ఏటా గడువు తేదీలు ప్రకటిస్తాయి. టీసీ, మెమో, ఆరు నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు చేతిలో ఉంటేనే కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కు వెళ్లగలిగేది. ఎస్వీ యూనివర్సిటీ ప్రాంతపు లోకల్ అభ్యర్థులుగా 85 శాతం సీట్లకు పోటీ పడే హక్కు ఆ స్టడీ సర్టిఫికెట్లతోనే తేలుతుంది.

మూడో పేజీలోని షరతు

మళ్లీ ఆ లెటర్ దగ్గరికి వద్దాం. మూడో పేజీలో చిన్న అక్షరాల్లో, స్కాలర్‌షిప్ కొనసాగాలంటే ప్రతి సెమిస్టర్‌లో సీజీపీఏ, అంటే పదికి లెక్కగట్టే సగటు గ్రేడు, ఎనిమిదిన్నరకు తగ్గకూడదు, ఒక్క బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టు) ఉండకూడదు, హాజరు 75 శాతం దాటాలి అని ఉందనుకుందాం. ఇంటర్‌లో 965 తెచ్చుకున్న పిల్లకు ఎనిమిదిన్నర పెద్ద లెక్కా అనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

ఇంటర్‌లో ఆ పిల్ల పోటీ రాష్ట్రంలోని అందరితో. ఇక్కడ పక్క బెంచీల్లో కూర్చున్నదంతా మెరిట్ ఆఫర్ మీద వచ్చినవాళ్లే. రిలేటివ్ గ్రేడింగ్ ఉన్న చోట అందరూ బాగా రాసినా అందరికీ పై గ్రేడు రాదు, క్లాసు సగటును బట్టి గ్రేడు పడుతుంది. పైగా మొదటి సెమిస్టర్‌లో చదువు ఒక్కటే ఉండదు. ఆలూరు, పత్తికొండ వైపు ప్రభుత్వ హైస్కూల్లో తెలుగులో ఆలోచించడం నేర్చుకుని, తర్వాత కార్పొరేట్ కాలేజీలో జవాబులు బట్టీ పట్టిన పిల్ల, మొదటిసారి ఇంగ్లిష్‌లో లెక్చర్ విని అర్థం చేసుకోవాలి. ఇంటర్ దాకా ముట్టుకోని కోడింగ్ మొదలుపెట్టాలి. హాస్టల్ తిండికి అలవాటు పడాలి, ఇంటి బెంగ దాటాలి. ఈ పిల్లల్లో చాలామంది మూడో సెమిస్టర్‌కు బాగా పుంజుకుంటారు. కానీ షరతు మొదటి సెమిస్టర్ నుంచే లెక్కలోకి వస్తుంది. మేధస్సు తగ్గి కాదు, నిలదొక్కుకోవడానికి పట్టే ఆ ఆరు నెలల వల్ల స్కాలర్‌షిప్ పోతుంది.

పోతే ఎంత? మన ఉదాహరణలో మొదటి ఏడాది తర్వాత మాఫీ ఆగిపోతే, మిగతా మూడేళ్లూ ఏడాదికి నాలుగు లక్షల తొంభై ఐదు వేలు. మొత్తం పద్దెనిమిది లక్షల ఐదు వేలు. పన్నెండు లక్షల ఎనభై వేలకు సిద్ధపడిన ఇంటి మీద మరో ఐదుంపావు లక్షలు. ఖర్చు తడిసి మోపెడవడమంటే ఇదే.

ఆ ఐదుంపావు లక్షలు ఎక్కడి నుంచి వస్తాయో కూడా చూడాలి. బ్యాంకుల మామూలు విద్యారుణంలో నాలుగు లక్షల దాకా హామీ అడగరు, ఏడున్నర లక్షల దాకా మూడో మనిషి పూచీ, అది దాటితే ఆస్తి తనఖా. ముందు తీసుకున్న అప్పు ఏడు లక్షలైతే, పోయిన స్కాలర్‌షిప్ ఆ ఇంటిని తనఖా గీత దాటిస్తుంది. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద తనఖా, పూచీ లేకుండా అప్పు ఇస్తారు. అయితే ర్యాంకింగుల ఆధారంగా ఎంపిక చేసిన సంస్థలకే అది వర్తిస్తుంది. ఆఫర్ ఇచ్చిన కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో సీటు బ్లాక్ చేయకముందే చూసుకోవాలి.

వేరుశనగ రైతు ఇంట్లో ఇంకో చిక్కు ఉంది. మొదటి ఫీజు గడువు జులై, ఆగస్టుల్లో పడుతుంది. విత్తనానికి, ఎరువులకు చేతిలో ఉన్నదంతా భూమిలో పెట్టేది సరిగ్గా అప్పుడే. పంట డబ్బు వచ్చేది దీపావళి అటూ ఇటూగా. ఆదోని, కోసిగి వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు సుగ్గికి, అంటే వలస కూలికి, వెళ్లే కుటుంబాలకైతే నాలుగు రూపాయలు కనిపించేది ఆ సుగ్గి నుంచి తిరిగి వచ్చాకే. గడువులోపు ఫీజు కట్టకపోతే స్కాలర్‌షిప్ రద్దు అన్న షరతు కూడా కొన్ని లెటర్లలో ఉంటుంది. నెల జీతం వచ్చే ఇంటికి అది మామూలు వాక్యం. ఇలాంటి ఇళ్లకు మార్కుల షరతు కంటే అదే ఎక్కువ ప్రమాదం.

పిల్లల వెంట వచ్చే డబ్బు

ఆఫర్ లెటర్ కంటే ముందు వెతకాల్సినవి ఇవి. ఇంటర్ బోర్డులో పై 20 పర్సంటైల్‌లో నిలిచి, కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షలు మించకపోతే కేంద్రం సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ కింద డిగ్రీ మొదటి మూడేళ్లు ఏడాదికి 12,000 రూపాయలు ఇస్తుంది. దేశం మొత్తం మీద ఏటా 82,000 కొత్త స్కాలర్‌షిప్పులు. అయితే రీయింబర్స్‌మెంట్ తీసుకుంటూ దీన్ని కూడా తీసుకోవడానికి లేదు. బీఎస్సీలాంటి మౌలిక శాస్త్రాల్లో చేరితే, బోర్డులో పై ఒక శాతంలో ఉన్నవాళ్లకు ఇన్‌స్పైర్ కింద ఏడాదికి 80,000. టెక్నికల్ కోర్సుల్లో చేరే అమ్మాయిలకు ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000, ఆదాయ పరిమితి ఎనిమిది లక్షలు, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల వరకు. రీయింబర్స్‌మెంట్ గీతకు కొంచెం పైన ఉండి ఏ సాయమూ అందదనుకునే చిన్న ఉద్యోగుల ఇళ్లకు ఈ ప్రగతి నిజంగా పెద్ద ఆసరా. దాని గురించి తెలియక వదులుకుంటున్న ఇళ్లు ఉండడం బాధ కలిగిస్తుంది.

ఐఐటీల సంగతి తీసుకుంటే, ట్యూషన్ ఫీజు ఏడాదికి రెండు లక్షలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు, ఆదాయం లక్ష లోపు ఉన్నవాళ్లకు అది పూర్తిగా మాఫీ. లక్ష నుంచి ఐదు లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. ఎవరూ ఫోన్ చేసి చెప్పరు, నెలాఖరు గడువు పెట్టరు. నియమం అచ్చులో ఉంటుంది, అందరికీ ఒకటే.

మెరిట్‌కు ఇంకో రకం గౌరవం సీమలో పాతదే. కర్నూలులో 1972లో పెట్టిన సిల్వర్ జూబ్లీ ప్రభుత్వ కళాశాల ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లల్ని ఎంచుకుని, హాస్టల్లో ఉంచి చదివించింది. 2008లో మొదలైన ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ పదో తరగతి మార్కులతో పిల్లల్ని తీసుకుంటుంది, ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకు కొంత అదనపు స్కోరు కలుపుతుంది. ఈ రెండు చోట్లా మెరిట్ సీటును సంపాదించిపెట్టింది, అక్కడితో దాని పని అయిపోయింది. సెమిస్టర్ సెమిస్టర్‌కూ మళ్లీ రుజువు చేసుకోకపోతే బిల్లు పెరుగుతుందన్న బెదురు లేదు. చదువుకునే పిల్లల మనసుకు ఆ తేడా చాలా పెద్దది.

ఆఫర్‌కు ‘సరే’ అనదగిన సందర్భాలు లేవా అంటే ఉన్నాయి. ట్యూషన్, హాస్టల్, మెస్ అన్నీ కలిపి నాలుగేళ్లూ మాఫీ అని రాసిస్తే, కొనసాగింపు షరతు పాసవడం వరకే ఉంటే, చేరాలనుకున్న బ్రాంచికే వర్తిస్తే, ఆలోచించాల్సిందేమీ లేదు. సీఎస్‌ఈ అడిగిన పిల్లకు సివిల్‌లో పూర్తి మాఫీ ఇస్తామంటే మాత్రం అది వేరే కథ. ఇంటర్‌తో చదువు మాన్పించి పెళ్లి చేద్దామనుకున్న ఇంట్లో, స్కాలర్‌షిప్ అన్న మాట ఒక్కటే తండ్రి మనసు మార్చిందనుకుందాం. అప్పుడు లెక్క కొంచెం తేడాగా ఉన్నా ఆ మాటను పట్టుకుని ఆ అమ్మాయిని కాలేజీకి పంపాల్సిందే. స్కాలర్‌షిప్ పోయినా సరే పూర్తి ఫీజు భరించగలిగే కుటుంబాలకు కూడా ఇందులో ప్రమాదం తక్కువ. ప్రమాదమంతా స్కాలర్‌షిప్ ఉంటేనే చదివించగలిగే ఇళ్లకు. ఆఫర్ చూసి ముందుగా కదిలేది కూడా వాళ్లే.

అలాంటి ఇల్లు కాలేజీని రాతపూర్వకంగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. పోయినేడు ఈ స్కాలర్‌షిప్ మీద ఎంతమంది చేరారు, రెండో ఏడాదికి వాళ్లలో ఎంతమందికి మిగిలింది? ఒకసారి పోయినవాళ్లకు మార్కులు పెరిగితే మళ్లీ ఇచ్చారా? ఫోన్ చేసిన మనిషి దగ్గర ఈ అంకె ఉండకపోవచ్చు. ఆ కాలేజీలో రెండో ఏడాది చదువుతున్న మన ఊరి పిల్లల దగ్గర మాత్రం ఉంటుంది. గుత్తిలోనో, డోన్‌లోనో, ప్రొద్దుటూరులోనో ప్రతి వీధిలో ఒకరైనా అలాంటివాళ్లు ఉంటారు. ఆఫర్లు వచ్చే మే నెలలోనే వాళ్లూ సెలవులకు ఇంటికొస్తారు. ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లి, ఈ ఏడాది కట్టిన ఫీజు రసీదు ఒకసారి చూపించమ్మా అని అడిగితే, కాదనేవాళ్లు ఉండరు.